లైనక్స్‌లో గ్రాఫిక్స్ కార్డు మొరాయిస్తే: డ్రైవర్ నుంచి ఫ్రేముల దాకా వెతికే పద్ధతి

లైనక్స్‌లో ఆట తడబడుతోందంటే చాలామంది మొదట చేసే పని ఉన్న డ్రైవర్‌ను పీకేసి మళ్లీ వేయడం. అప్పటికీ కుదరకపోతే డిస్ట్రోనే, అంటే లైనక్స్ రకాన్నే, మార్చేయడం. అమీర్‌పేట హాస్టళ్లలో, కూకట్‌పల్లి అద్దె గదుల్లో ఇలా ఉబుంటు నుంచి మింట్‌కు, మింట్ నుంచి ఫెడోరాకు మారి మారి, విసిగిపోయి చివరికి లైనక్స్‌నే వదిలేసిన విద్యార్థులు నాకు తెలుసు. వాళ్ల కార్డులు బాగానే ఉన్నాయి. కార్డుకూ ఆటకూ మధ్య కొన్ని పొరలుంటాయి: లైనక్స్‌కు మూలమైన కెర్నల్‌లోని డ్రైవర్, దానికి కావలసిన ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే చిన్న సాఫ్ట్‌వేర్), ఆటలు బొమ్మలు గీయించుకునే ఓపెన్‌జీఎల్, వల్కన్ లైబ్రరీలు, వాటిపైన విండోస్ ఆటలను లైనక్స్‌లో నడిపే ప్రోటాన్. వీటిలో ఒక్కచోట లంకె తెగినా ఎంత ఖరీదైన కార్డయినా ఊరికే కూర్చుంటుంది. ఎక్కడ తెగిందో యంత్రమే చెబుతుంది. అది చెప్పింది చదివాకే చేయి వేయాలి, ఒకసారికి ఒక్కటే మార్చాలి.

కమాండ్లను ఇక్కడ పలికే తీరులోనే తెలుగు లిపిలో రాశాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. పెద్ద అక్షరం కావలసిన చోట ఆ మాట చెప్పాను. ఉదాహరణలు ఎక్కువగా ఉబుంటు, మింట్‌లవి.

## కార్డును ఇప్పుడు ఎవరు నడుపుతున్నారు?

టెర్మినల్ తెరిచి ‘ఎల్ఎస్‌పీసీఐ -కే’ కొట్టండి. పొడవాటి జాబితా వస్తుంది. అందులో ‘వీజీఏ కంపాటబుల్ కంట్రోలర్’ అని గానీ, ‘3డీ కంట్రోలర్’ అని గానీ మొదలయ్యే భాగాన్ని వెతకండి. అదే మీ కార్డు. లాప్‌టాప్‌లో ఇలాంటివి రెండు కనిపించవచ్చు: ఒకటి ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉన్న గ్రాఫిక్స్, రెండోది విడి కార్డు. ఆ పేరు కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అనే వరుస ఉంటుంది. మొత్తం వెతుకులాటలో అన్నిటికన్నా విలువైన వరుస అదే.

అక్కడ ‘ఎన్విడియా’ అని ఉంటే ఆ కంపెనీ ఇచ్చే డ్రైవర్ పనిచేస్తోంది. ‘నూవో’ అని ఉంటే అదే కార్డును కెర్నల్‌తో పాటు వచ్చే స్వేచ్ఛా డ్రైవర్ నడుపుతోంది. తెరపై బొమ్మ రావడానికి అది చాలు. చాలా పాత తరాల కార్డుల్లో అది గడియార వేగాన్ని పూర్తిగా పెంచలేదు కాబట్టి ఆటలకు చాలదు. ఏఎండీ కార్డయితే ‘ఏఎండీజీపీయూ’, ఇంటెల్ అయితే ‘ఐ915’ లేదా ‘ఎక్స్ఈ’ ఉండాలి. ఆ వరుసే లేకపోతే కార్డు ఏ డ్రైవర్ చేతికీ చిక్కలేదన్నమాట. జాబితాలో కార్డే కనిపించకపోతే డ్రైవర్ల జోలికి వెళ్లకండి. కంప్యూటర్ ఆపి, కార్డు స్లాట్‌లో సరిగా కూర్చుందా, దానికి పవర్ సప్లై నుంచి వచ్చే తీగలు గట్టిగా ఉన్నాయా చూడండి.

తరవాతి పొర ఓపెన్‌జీఎల్. ‘మెసా-యుటిల్స్’ ప్యాకేజీ వేసి ‘జీఎల్ఎక్స్‌ఇన్ఫో -బి’ కొట్టండి, ఇక్కడ బి పెద్దక్షరం. ‘ఓపెన్‌జీఎల్ రెండరర్ స్ట్రింగ్’ ఎదురుగా మీ కార్డు పేరు రావాలి. ‘ఎల్ఎల్‌వీఎంపైప్’ అని వస్తే బొమ్మలన్నీ ప్రాసెసరే గీస్తోంది, కార్డు ఖాళీగా ఉంది. ఆ తరవాత వల్కన్. ‘వల్కన్-టూల్స్’ వేసి ‘వల్కన్‌ఇన్ఫో --సమరీ’ కొడితే అందుబాటులో ఉన్న పరికరాల జాబితా వస్తుంది. విండోస్ ఆటలు లైనక్స్‌లో నడిచేది ప్రధానంగా వల్కన్ మీదే కాబట్టి, అందులోనూ ఎల్ఎల్‌వీఎంపైప్ ఒక్కటే కనిపిస్తే ఆట మొదలవదు, మొదలైనా కదలదు.

డ్రైవర్ ఉండీ ఎల్ఎల్‌వీఎంపైప్ వస్తోందా? ‘క్యాట్ /ప్రాక్/సీఎండీలైన్’ కొట్టి చూడండి. ఆ వరుసలో ‘నోమోడ్‌సెట్’ అనే మాట ఉంటే కారణం దొరికినట్టే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర నల్లగా ఉండిపోతే ఈ మాట చేర్చమని అందరూ చెబుతారు. పని అయ్యాక తీసేయమని మాత్రం ఎవరూ చెప్పరు. అది ఉన్నంతకాలం ఏఎండీ, ఇంటెల్ డ్రైవర్లు కార్డును చేతిలోకి తీసుకోవు. ‘/ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్’ ఫైల్‌లోంచి ఆ మాట తీసి, ‘సుడో అప్‌డేట్-గ్రబ్’ కొట్టి, మళ్లీ బూట్ చేయండి.

డెస్క్‌టాప్ వాడేవారు ఇంకొకటి చూసుకోవాలి. మానిటర్ కేబుల్ విడి కార్డుకే పెట్టారా, మదర్‌బోర్డు పోర్టుకు పెట్టారా? ఈ ఒక్క పొరపాటు వల్ల కార్డులను వాపసు ఇవ్వబోయినవాళ్లున్నారు.

## ఎన్విడియా డ్రైవర్

కంపెనీ సైటు నుంచి ‘డాట్ రన్’ ఫైల్ దించుకుని వేయడం విండోస్ అలవాటు. లైనక్స్‌లో దయచేసి ఆ పని చేయకండి. అలా వేసిన ఫైళ్లు ప్యాకేజీ మేనేజర్ లెక్కలో ఉండవు. తరవాత కెర్నల్ మారినా, డిస్ట్రో తన డ్రైవర్ వేయబోయినా రెండూ కలగాపులగమై తెర నల్లబడుతుంది. ఇదివరకే వేసి ఉంటే, అదే ఫైల్‌ను ‘--అన్ఇన్‌స్టాల్’ జోడించి నడిపి తీసేశాకే ముందుకు వెళ్లండి.

ఉబుంటులో ‘ఉబుంటు-డ్రైవర్స్ డివైసెస్’ కొడితే మీ కార్డుకు సరిపోయే వెర్షన్లు వస్తాయి. ‘రికమెండెడ్’ అని ఉన్నది చాలు. ‘సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్’ దాన్నే వేస్తుంది. మింట్‌లో మెనూలోని డ్రైవర్ మేనేజర్ ఇదే పని చేస్తుంది. ఫెడోరాలో ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే అదనపు ప్యాకేజీల భండారాన్ని చేర్చి ‘ఏకేమాడ్-ఎన్విడియా’ వేయాలి. అక్కడ ఓపిక కావాలి, ఎందుకంటే ఇన్‌స్టాల్ ముగిశాక కూడా వెనక మాడ్యూల్, అంటే కెర్నల్‌లో చేరే డ్రైవర్ ముక్క, తయారవుతూనే ఉంటుంది. ‘మోడ్‌ఇన్ఫో -ఎఫ్ వెర్షన్ ఎన్విడియా’ కొడితే, ఎఫ్ పెద్దక్షరం, వెర్షన్ సంఖ్య కనిపించేదాకా రీబూట్ చేయవద్దు.

పాత కార్డులు వాడేవారు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి పాత కార్డు కోసం వెళ్లేవారికి ఇది మరీ ముఖ్యం. జీటీఎక్స్ 900, 1000 వరుసల కార్డులకు 580 వరుస డ్రైవరే చివరిది, ఆ తరవాతి వరుసలు వాటిని గుర్తించవు. జీటీఎక్స్ 16, ఆర్‌టీఎక్స్ 20 వరుసల నుంచి ఎన్విడియా 2022లో విడుదల చేసిన ఓపెన్ కెర్నల్ మాడ్యూళ్లు పనిచేస్తాయి. ఆర్‌టీఎక్స్ 50 వరుసకైతే అవే గతి. ప్యాకేజీ పేరు చివర ‘-ఓపెన్’ అని ఉన్నదీ లేనిదీ చూసి ఎంచుకోండి. 1060కి ఓపెన్ వేసినా, 5060కి ఓపెన్ కానిది వేసినా ఫలితం ఒకటే: కార్డు లేవదు.

వేశాక ‘ఎన్విడియా-ఎస్ఎంఐ’ కొట్టండి. కార్డు పేరు, ఉష్ణోగ్రత, వాడకం ఉన్న పట్టిక వస్తే ఈ పొర సరిగా ఉంది. డ్రైవర్‌కూ లైబ్రరీకీ వెర్షన్ కలవడం లేదని వస్తే కంగారు వద్దు. అప్‌డేట్ అయ్యాక రీబూట్ చేయలేదంతే. డ్రైవర్‌తో మాట్లాడలేకపోతున్నానని వస్తే ‘డీకేఎంఎస్ స్టేటస్’ చూడండి. ప్రతి కెర్నల్‌కూ మాడ్యూల్‌ను తయారుచేసే పనిముట్టు డీకేఎంఎస్. మీ ప్రస్తుత కెర్నల్ వెర్షన్ ఎదురుగా ‘ఇన్‌స్టాల్డ్’ అని లేకపోతే మాడ్యూల్ తయారు కాలేదు. మాడ్యూల్ తయారీకి కావలసిన కెర్నల్ హెడర్ ఫైళ్లు లేకపోవడమే సాధారణంగా కారణం. ‘లైనక్స్-హెడర్స్-జెనరిక్’ వేసి, ‘సుడో డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్’ నడపండి. జాబితానే ఖాళీగా వస్తే మీ డ్రైవర్ ముందే తయారైన మాడ్యూల్‌తో వచ్చింది. అప్పుడు చూడవలసింది ఆ మాడ్యూల్ ప్యాకేజీ ఈ కెర్నల్‌కు ఉందా లేదా అని.

వేసవిలో మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. డెస్క్‌టాప్‌లో డ్రైవర్ అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోతే మాడ్యూల్ సగమే తయారై ఉంటుంది. మళ్లీ బూట్ చేశాక తెర రాకపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే అక్షరాల తెర వస్తుంది. అక్కడ లాగిన్ అయి ‘సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’, ఆ తరవాత ‘సుడో ఆప్ట్ -ఎఫ్ ఇన్‌స్టాల్’ నడపండి. చాలాసార్లు ఇంతటితోనే యంత్రం తేరుకుంటుంది. అదీ కుదరకపోతే బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి వెళ్లి పాత కెర్నల్‌తో బూట్ చేసి, అక్కడి నుంచి బాగు చేసుకోండి. యూపీఎస్ లేని గదిలో గాలివాన సాయంత్రాలు డ్రైవర్ అప్‌డేట్ పెట్టుకోకపోవడం మంచిది.

## సెక్యూర్ బూట్: ఆ నీలి తెరను దాటేయకండి

డ్రైవర్ వేశారు, డీకేఎంఎస్ అంతా బాగుందంటోంది, అయినా కార్డు లేవదు. అప్పుడు ‘సుడో మాడ్‌ప్రోబ్ ఎన్విడియా’ కొట్టండి. ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అని వస్తే దోషం డ్రైవర్‌ది కాదు. నమ్మిన సంతకం ఉన్నవాటినే నడవనిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది, మీ యంత్రంలో తయారైన మాడ్యూల్ మీద ఉన్న సంతకాన్ని అది నమ్మడం లేదు. ‘మోక్‌యుటిల్ --ఎస్‌బీ-స్టేట్’ కొడితే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందో లేదో తెలుస్తుంది.

డ్రైవర్ వేసేటప్పుడు మిమ్మల్ని ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడిగి ఉంటుంది. రీబూట్ చేయగానే నీలి తెర ఒకటి వచ్చి, ఏదైనా మీట నొక్కమని పది సెకన్లు లెక్కపెడుతుంది. ఇదేదో ఎర్రర్ అనుకుని చాలామంది వదిలేస్తారు. గడువు దాటగానే మామూలుగా బూట్ అవుతుంది, మీ కీ నమోదు కాకుండానే పోతుంది. కాబట్టి తెర రాగానే మీట నొక్కండి. ‘ఎన్‌రోల్ ఎంఓకే’ (మీ కీని నమోదు చేయడం) ఎంచుకుని, ‘కంటిన్యూ’, ‘యెస్’ దాటి, ఆ పాస్‌వర్డ్ కొట్టి, ‘రీబూట్’ నొక్కండి. కొట్టేటప్పుడు అక్షరాలు తెర మీద కనబడవు, కీబోర్డు అమెరికన్ అమరికలో ఉంటుంది. అందుకే ఆ పాస్‌వర్డ్‌లో ప్రత్యేక గుర్తులు పెట్టకండి.

అవకాశం జారిపోయినా ఉబుంటులో ‘సుడో మోక్‌యుటిల్ --ఇంపోర్ట్’ తరవాత ‘/వార్/లిబ్/షిమ్-సైన్డ్/మోక్/ఎంఓకే.డెర్’ ఇచ్చి, చివరి పేరులో ఎంఓకే మాత్రం పెద్దక్షరాల్లో కొట్టి, కొత్త పాస్‌వర్డ్ పెట్టి రీబూట్ చేస్తే నీలి తెర మళ్లీ వస్తుంది. బయోస్‌లో సెక్యూర్ బూట్‌నే ఆపేస్తే సులువు కదా అని అడుగుతారు. లైనక్స్ ఒక్కటే ఉంటే ఆపుకోవచ్చు. పక్కనే విండోస్ 11 ఉంటే వద్దంటాను. అక్కడ డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ అడగవచ్చు, వాలొరాంట్ వంటి ఆటలు సెక్యూర్ బూట్ లేనిదే తెరుచుకోవు.

## ఏఎండీ, ఇంటెల్

ఇక్కడ చెప్పవలసింది తక్కువ, అదే వీటి సుగుణం. డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది, పైపొర మెసా అనే స్వేచ్ఛా గ్రాఫిక్స్ లైబ్రరీల కట్టలో ఉంటుంది. ఆటల కోసం ఏఎండీ సైటు నుంచి ఏదీ దించుకోనక్కరలేదు. ‘ఏఎండీవీఎల్‌కే’ అనే వల్కన్ డ్రైవర్ ఎప్పుడో వేసి ఉంటే తీసేయండి. ఏఎండీయే 2025లో దాన్ని పక్కనపెట్టి, మెసాలోని ‘ఆర్ఏడీవీ’కే మద్దతు ప్రకటించింది.

సమస్యంతా కొత్త కార్డుకు పాత డిస్ట్రో తగిలినప్పుడే. 2025లో వచ్చిన ఆర్ఎక్స్ 9070కి కెర్నల్ 6.12 లేదా ఆపైది, మెసా 25 వరుస ఉండాలి. ఉబుంటు 24.04 మొదట వచ్చింది 6.8తో. అలాంటప్పుడు కొత్త కెర్నల్‌ను తెచ్చే ‘లైనక్స్-జెనరిక్-హెచ్‌డబ్ల్యూఈ-24.04’ వేసి, మొత్తం సిస్టమ్‌ను, ‘లైనక్స్-ఫర్మ్‌వేర్’ ప్యాకేజీతో సహా, అప్‌డేట్ చేయండి. ఫర్మ్‌వేర్ దొరకలేదన్న ఫిర్యాదు ఉంటే ‘సుడో డీమెస్గ్’ చెబుతుంది.

## రెండు కార్డుల లాప్‌టాప్

గేమింగ్ లాప్‌టాప్‌లో బ్యాటరీ ఆదా కోసం తెరను మామూలుగా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్సే నడుపుతుంది. విడి కార్డును మీరే పిలవాలి. ‘ప్రైమ్-సెలెక్ట్ క్వెరీ’ కొడితే ఇప్పుడున్న పద్ధతి తెలుస్తుంది. ‘ఆన్-డిమాండ్’ ఉంటే, స్టీమ్‌లో ఆట పేరు మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని లాంచ్ ఆప్షన్స్‌లో ‘__ఎన్‌వీ_ప్రైమ్_రెండర్_ఆఫ్‌లోడ్=1 __జీఎల్ఎక్స్_వెండర్_లైబ్రరీ_నేమ్=ఎన్విడియా %కమాండ్%’ అని రాయండి, సమాన గుర్తులకు ముందున్న రెండు మాటలూ పెద్దక్షరాల్లో. ఏఎండీ విడి కార్డయితే ‘డీఆర్ఐ_ప్రైమ్=1 %కమాండ్%’, అందులో మొదటి మాట పెద్దక్షరాల్లో. ఆట నడుస్తుండగా ‘ఎన్విటాప్’ తెరిచి చూస్తే ఏ కార్డు మీద భారం పడుతోందో కళ్లముందే కనిపిస్తుంది.

ఆర్‌టీఎక్స్ 30 తరం నుంచి వచ్చిన లాప్‌టాప్‌లలో ఇంకో మెలిక ఉంది. ప్రాసెసర్ తక్కువ పనిలో ఉన్నప్పుడు మిగిలిన వాట్లను కార్డుకు మళ్లించే డైనమిక్ బూస్ట్, లైనక్స్‌లో ‘ఎన్విడియా-పవర్డీ’ అనే సేవ నడుస్తుంటేనే పనిచేస్తుంది. కొన్ని డిస్ట్రోలలో అది ఆగి ఉంటుంది. ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ --నౌ ఎన్విడియా-పవర్డీ’ కొట్టండి. విండోస్‌లో వచ్చే ఫ్రేములు లైనక్స్‌లో రావడం లేదని బాధపడే లాప్‌టాప్ యజమానులు మొదట తనిఖీ చేయవలసింది ఇదే. ఛార్జర్ పెట్టి ఆడండి, ‘పవర్‌ప్రొఫైల్స్‌సీటీఎల్ సెట్ పెర్ఫార్మెన్స్’ ఇవ్వండి.

## స్టీమ్, ప్రోటాన్

వాల్వ్ 2018లో తెచ్చిన ప్రోటాన్, విండోస్ ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపే వైన్ మీద కట్టినది. విండోస్ గ్రాఫిక్స్ పద్ధతి అయిన డైరెక్ట్3డీ 11 దాకా ఉన్న ఆటలను డీఎక్స్‌వీకే, 12 ఆటలను వీకేడీ3డీ-ప్రోటాన్ వల్కన్‌లోకి మారుస్తాయి. ఆట అసలు తెరుచుకోకపోతే ముందు 32 బిట్ లైబ్రరీలు ఉన్నాయా చూడండి. స్టీమ్‌కూ, అనేక పాత ఆటలకూ అవి తప్పనిసరి. ‘సుడో డీపీకేజీ --యాడ్-ఆర్కిటెక్చర్ ఐ386’ ఇచ్చి, మీ డ్రైవర్ వెర్షన్‌కు సరిపోయే 32 బిట్ ప్యాకేజీ వేయండి. ఉబుంటులో స్నాప్ స్టీమ్ కన్నా స్టీమ్ సైటులోని డెబ్ ప్యాకేజీ మేలు. ఫ్లాట్‌పాక్ స్టీమ్ వాడుతుంటే, ఎన్విడియా డ్రైవర్ మారినప్పుడల్లా ‘ఫ్లాట్‌పాక్ అప్‌డేట్’ కూడా నడపాలి. లేకపోతే లోపలి డ్రైవర్, బయటి డ్రైవర్ వేరువేరు వెర్షన్లయి ఆటలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి.

డ్యూయల్ బూట్ ఉన్నవారు చోటు కలిసొస్తుందని విండోస్ ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవ్‌లోని ఆటలనే లైనక్స్‌లోనూ నడపబోతారు. కొన్నాళ్లు నడుస్తుంది, తరవాత ఆటలు తెరుచుకోవడం మానేస్తాయి. ప్రోటాన్ సృష్టించే ఫైళ్ల పేర్లు, లంకెలు ఎన్‌టీఎఫ్ఎస్‌కు పడవు. ఆటలకు లైనక్స్ సొంత పద్ధతి అయిన ఈఎక్స్‌టీ4 విభాగం ఒకటి కేటాయించండి.

కెర్నల్ స్థాయి యాంటీ చీట్ (ఆటలో మోసాలను పట్టే సాఫ్ట్‌వేర్) ఉన్న వాలొరాంట్, ఫోర్ట్‌నైట్ లాంటివి లైనక్స్‌లో నడవవు. వాటి కోసం డ్రైవర్లతో కుస్తీ పట్టి రాత్రులు పాడుచేసుకోకండి. కౌంటర్-స్ట్రైక్ 2, డోటా 2 నేరుగా లైనక్స్‌కే వచ్చినవి.

## ఇప్పుడు కొలవండి

పొరలన్నీ సరిగా ఉండి కూడా ఆట నెమ్మదిస్తుంటే ఊహలు ఆపి కొలతలు తీయాలి. మ్యాంగోహడ్ వేసి, లాంచ్ ఆప్షన్స్‌లో ‘మ్యాంగోహడ్ %కమాండ్%’ రాయండి. తెర మూలన ఫ్రేములు, కార్డు వాడకం, ప్రాసెసర్ వాడకం కనిపిస్తాయి. ఒక్కో కోర్ భారం, వీర్యామ్ (కార్డు సొంత మెమరీ) కూడా కనిపించేలా దాని అమరికల్లో పెట్టుకోండి.

కార్డు వాడకం 95 నుంచి 99 శాతం మధ్య ఉంటే డ్రైవర్ తన పని పూర్తిగా చేస్తోంది. కార్డు శక్తే అంత. నీడలు, రిజల్యూషన్ తగ్గించుకోవాలి, లేదా తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే ఎఫ్ఎస్ఆర్ ఆటలో ఉంటే వాడాలి. కార్డు 50, 60 శాతం దగ్గరే తచ్చాడుతూ, ప్రాసెసర్‌లో ఒక కోర్ మాత్రం నిండా మునిగి ఉంటే అడ్డంకి ప్రాసెసర్‌ది. ప్రాసెసర్ మొత్తం సగటు 25 శాతం చూపిస్తున్నా ఒక్క కోర్ నిండితే ఆట వేగం అక్కడే ఆగిపోతుంది, అందుకే కోర్లను విడివిడిగా చూడమంటున్నాను. అక్కడ ‘గేమ్‌మోడ్‌రన్ %కమాండ్%’ కొంత సాయపడుతుంది, ఆటలో గుంపుల సాంద్రత, చూపు దూరం తగ్గించడం ఇంకా ఎక్కువ సాయపడుతుంది. రెండూ ఖాళీగా ఉండి ఫ్రేములు సరిగ్గా 60 దగ్గర ఆగితే అది వీసింక్ (ఫ్రేములను తెర వేగానికి కట్టేసే అమరిక), లేదా 144 హెర్ట్జ్ తెరను సెట్టింగుల్లో 60 మీదే వదిలేయడం. వీర్యామ్ నిండితే సగటు బాగానే ఉండి మధ్యమధ్యలో కుదుపులు వస్తాయి. 4 జీబీ కార్డుల్లో టెక్స్చర్లను ఒక మెట్టు దించితే ఆ కుదుపులు మాయమవుతాయి.

కొత్త చోటుకు వెళ్లినప్పుడు ఒక్కసారి ఆగి, అదే చోటుకు రెండోసారి వెళ్తే సాఫీగా ఉంటే అది షేడర్ల, అంటే బొమ్మ గీయమని కార్డుకిచ్చే చిన్న ప్రోగ్రాముల, తయారీ. ఆట మొదలయ్యే ముందు స్టీమ్ షేడర్లను సిద్ధం చేస్తుంటే ‘స్కిప్’ నొక్కకండి.

విడి కార్డు లేని లాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ కూడా ర్యామ్‌నే వాడుకుంటుంది. చాలా లాప్‌టాప్‌లు ఒకే ర్యామ్ స్టిక్‌తో అమ్ముతారు. ఖాళీ స్లాట్‌లో రెండోది వేస్తే వచ్చే తేడా ఏ డ్రైవర్ అప్‌డేట్‌తోనూ రాదు. డబ్బు పెట్టదలిస్తే ముందు అక్కడ పెట్టండి.

## ఎండ, దుమ్ము, కరెంటు

హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు దాటుతుంది. ఏసీ లేని మేడపై గదిలో జనవరిలో బాగా నడిచిన ఆటే మే నెలలో ఇరవై నిమిషాలకు చతికిలపడితే డ్రైవర్‌ను అనుమానించకండి. ఆట నడుస్తుండగా మరో టెర్మినల్‌లో ‘ఎన్విడియా-ఎస్ఎంఐ -క్యూ -డీ పెర్ఫార్మెన్స్’ కొట్టండి. ‘థర్మల్ స్లోడౌన్’ ఎదురుగా ‘యాక్టివ్’ ఉంటే కార్డు వేడికి తనంతట తానే వేగం తగ్గించుకుంటోంది. ఏఎండీకి ‘సెన్సర్స్’ కమాండ్ ఉంది. మెట్రో పనులో, భవన నిర్మాణమో జరిగే వీధుల్లో ఉంటే ఫ్యాన్లలో దుమ్ము త్వరగా పేరుకుంటుంది. శుభ్రం చేయించి, లాప్‌టాప్‌ను పరుపు మీద నుంచి తీసి బల్ల మీద పెట్టండి. ఫ్రేముల పరిమితిని 60కి కట్టేస్తే వేడి గణనీయంగా తగ్గుతుంది.

ఆట మధ్యలో తెర మొత్తం ఆగిపోయి రీబూట్ చేయవలసి వస్తే, వెంటనే ‘జర్నల్‌సీటీఎల్ -కే -బీ -1’ కొట్టండి. క్రితం బూట్‌లో కెర్నల్ రాసుకున్న చివరి మాటలు అందులో ఉంటాయి. ఎన్విడియా అయితే ‘ఎక్స్ఐడీ’ అనే మాట, దాని పక్కన ఒక సంఖ్య కోసం చూడండి. 13, 31 తరచుగా ఆట లేదా డ్రైవర్ తప్పిదాలు. ప్రోటాన్ వెర్షన్, డ్రైవర్ వెర్షన్ ఒక్కొక్కటిగా మార్చి చూడాలి. 79 వస్తే కార్డు బస్ నుంచి ఊడిపోయిందని అర్థం: చాలని పవర్ సప్లై, వదులైన తీగ, స్లాట్, వేడి, లేదా కార్డే. ఏఎండీలో ‘రింగ్ జీఎఫ్ఎక్స్ టైమౌట్’ అని వస్తుంది. దానికి కొత్త మెసా, కొత్త కెర్నల్ ప్రయత్నించాక మాత్రమే హార్డ్‌వేర్‌ను అనుమానించాలి.

79 పదేపదే వస్తుంటే ముందు కార్డును స్నేహితుడి డెస్క్‌టాప్‌లో పెట్టి, అదే ఆటను ఒక గంట ఆడించండి. అక్కడా పడిపోతే బిల్లు, వారంటీ కాగితం, ఆ లాగ్ ప్రింటు తీసుకుని కొన్న దుకాణానికి వెళ్లండి. అక్కడ నిలిచి నడిస్తే లోపం మీ యంత్రం వైపు ఉండవచ్చు, మొదట పవర్ సప్లైని అనుమానించండి. మీ కార్డు పెట్టె మీద ఎన్ని వాట్ల సప్లై కావాలని రాసి ఉందో, మీ క్యాబినెట్‌లో ఉన్నది ఎన్ని వాట్లదో పక్కపక్కన పెట్టి చూశాకే కొత్తది కొనండి.